పరదేశమున పనిచేసినవారి పింఛను

ఇంగ్లండునకు బోయి కొన్నియేండ్లు కొలువుచేసి తిరిగివచ్చిన తెలుగువారి సంఖ్య నేడు స్వల్పము గాదు. గుంటూరు, విశాఖపట్టణము, కర్నూలు వైద్యకళాశాలలలో జదివి అచ్చటి ఆసుపత్రులలో రేయింబవళ్లు శ్రమించిన వైద్యులు మొదట బోయిరి. నర్సులు పిమ్మట బోయిరి. కంప్యూటరు కంపెనీలలో పనిచేయు హైదరాబాదు యువకులు ఇటీవల బోవుచున్నారు. అచ్చటి యుద్యోగపు జీతమునుండి ‘నేషనల్ ఇన్సూరెన్సు’ అను పేర నెలనెలకు కొంత సొమ్ము కోతవడును. ఇష్టమా, అయిష్టమా యని యడిగి చేయు కోత కాదది. దానికి ఫలముగా రావలసిన వృద్ధాప్యపు పింఛను ఎవరికి వచ్చును, ఎవరికి రాదు, చాలకపోయిన సంవత్సరములను స్వచ్ఛందముగా చందా గట్టి పూరించుకొను హక్కు ఎవరికి గలదు అను విషయమున బ్రిటిషు ప్రభుత్వము 2025 నవంబరు బడ్జెట్టులో నొక మార్పును ప్రకటించెను. 2026 ఏప్రిల్ 6వ తేదీనుండి అమలుచేయుటకు నిర్ణయించిన యీ మార్పు మనవారిలో ననేకులను దాకును. దీనిని గూర్చి మనలో జరుగవలసినంత చర్చ జరుగలేదని మా యభిప్రాయము.

ముందు ఆ యేర్పాటు స్వభావము తెలియవలెను. 1908లో బ్రిటనులో బీదవృద్ధులకు చందాతో నిమిత్తము లేకయే పింఛను నిచ్చు చట్టము వచ్చెను. 1911లో లాయిడ్ జార్జి బీమా చట్టముతో పనివాడును, యజమానియు, ప్రభుత్వమును తలకొంత వేసుకొని రోగమునకును నిరుద్యోగమునకును నిధి గూర్చు పద్ధతి యారంభమయ్యెను. 1942 నాటి బెవరిడ్జి నివేదిక యీ పద్ధతిని దేశమంతటికి విస్తరింపజేయ వలెననెను. 1948 జూలై 5వ తేదీనుండి అది యమలులోనికి వచ్చెను. దాని మూలసూత్రము మిక్కిలి గౌరవప్రదమైనది. ముసలితనమున జేయిచాచి యడుగనక్కరలేదు. చందా గట్టినావు గనుక హక్కుగా దీసికొనుము. భిక్షకును హక్కునకును గల భేదమే యీ చందా.

2016 ఏప్రిల్ 6 తరువాత పింఛను వయస్సునకు వచ్చినవారికి వర్తించు నియమము ప్రకారము పూర్తి పింఛనునకు 35 సంవత్సరముల చందా యుండవలెను. పదేండ్లకు దక్కువయైన నొక్క పెన్నీయు రాదు. 2025-26 సంవత్సరమున పూర్తి పింఛను వారమునకు 230.25 పౌండ్లు. కావున నొక్కొక్క సంవత్సరపు చందా వారమునకు సుమారు 6.58 పౌండ్లను, అనగా ఏటికి 342 పౌండ్లను, జీవితాంతము సంపాదించిపెట్టును. 2016కు పూర్వపు చందాలు గలవారి లెక్కలో కొన్ని చిక్కులున్నవి; వానిని ఇచ్చట విప్పబూనము.

దేశము విడిచిన వారికి కొఱవడిన సంవత్సరములు పూరించుకొనుటకు రెండు దారులుండెను. మూడవ తరగతి చందా 2025-26లో వారమునకు 17.75 పౌండ్లు, ఏటికి 923. రెండవ తరగతి చందా వారమునకు 3.50, ఏటికి 182 మాత్రమే. బ్రిటను విడుచుటకు ముందు అచ్చట పనిచేయుచుండి, విదేశమునను పనిచేయుచున్నవారికే యీ రెండవది లభించుచుండెను. బ్రిటనులో మూడేండ్లు అవిచ్ఛిన్నముగా నివసించియో, మూడేండ్ల చందా చెల్లించియో యుండిన జాలును. క్రొత్త నియమము ఈ చౌకదారిని విదేశవాసులకు మూసివేసినది. మిగిలిన ఖరీదైన దారికి మూడేండ్ల షరతును పదేండ్లకు బెంచినది.

ఈ మార్పు ఎవరి మీద బడునో యొక యుదాహరణమున జూతము. ఒకడు ఏడేండ్లు లండనులోనో మాంచెస్టరులోనో పనిచేసి, ప్రతి సంవత్సరము నియమిత చందా చెల్లించి, తలిదండ్రుల ముసలితనము జూచి స్వదేశమునకు మరలినాడనుకొందము. పదింటికి మూడు తక్కువ. పాత నియమమున అతడు రెండవ తరగతికి అర్హుడైన 546 పౌండ్లతోను, కానిచో మూడవ తరగతిలో 2,769 పౌండ్లతోను మూడేండ్లు పూరించుకొనవచ్చును. అప్పుడతనికి 2025-26 లెక్కన వారమునకు 65.79 పౌండ్లు, ఏటికి సుమారు 3,420 పౌండ్లు వచ్చును. క్రొత్త నియమమున అతడు చందా గట్టుదునన్నను పుచ్చుకొనువారు లేరు. కట్టిన ఏడేండ్లకు ఫలము సున్న. తిరిగి యిచ్చుటయు లేదు.

ఇందలి వింత గమనింపుడు. పదేండ్ల చందా గలవాడు ఎట్లును పింఛనునకు అర్హుడే. అతడు మఱికొంత చేర్చుకొనుటకు ద్వారము తెఱచియున్నది. తొమ్మిదేండ్లవాడు, ఎనిమిదేండ్లవాడు, ఏడేండ్లవాడు - ఎవరికి ఆ ద్వారము ప్రాణావసరమో వారికే అది మూయబడినది. విద్యార్థిగా గడపిన కాలమును గలుపుకొని పదేండ్ల నివాసము చూపగలిగిన వారు కొందఱు తప్పించుకొందురు. కంపెనీ పంపున బోయి యైదాఱేండ్లలో మరలివచ్చువారికి ఆ యవకాశమును లేదు.

ప్రభుత్వపక్షమున జెప్పదగినది లేకపోలేదు. 182 పౌండ్లు గట్టి, ఏటికి 342 పౌండ్లు జీవితాంతము పొందుట యనగా నేడు నెలల లోపలనే పెట్టుబడి తిరిగివచ్చుట. ఏ వర్తకుడును ఇట్టి బేరమును జిరకాలము సాగనీయడు. మూడేండ్లు మాత్రమే యుండిపోయిన వారికి ఆ దేశపు పన్నుదారుడు ఇంత రాయితీ యేల యీయవలెనని యడిగిన, ఆ ప్రశ్న న్యాయమైనదే. చౌక తరగతిని దీసివేయుటను మేము తప్పుపట్టము. 923 పౌండ్ల ధరకును బేరము లాభకరమే. మూడేండ్లలోపల సొమ్ము తిరిగివచ్చును. మా యభ్యంతరము ధర విషయమున గాదు, ద్వారము విషయమున. పూర్తి ధర గట్టెదనన్న వానిని, అందును నిర్బంధముగా ఏడేండ్లు చందా వసూలుచేసికొన్న తరువాత, నీవు మా వాడవు కావని త్రోసివేయుట యెట్లు న్యాయమగును? పుచ్చుకొనునాడు మావాడు, ఇచ్చునాడు పరాయివాడునా?

ఇంకొక సంగతి కలదు. ఈ చందా ఎవరి పేర వారి ఖాతాలో నిలువయుండునది కాదు. నేడు పనిచేయువారి చందాతో నేటి వృద్ధులకు పింఛను నిత్తురు. అనగా మన యువకుడు చెల్లించిన సొమ్ము ఆ యేడాదియే యార్క్‌షైరులోని యొక ముసలమ్మకు జేరినది. ఆమె పుచ్చుకొనినందుకు మేము విచారింపము. అందఱు నట్లే పుచ్చుకొందురు గదా. కాని తరము వెంబడి తరము నమ్మకముమీద నడచు ఏర్పాటిది. అటువంటి యేర్పాటులో నడుమ వచ్చి భారము మోసిపోయిన వానిని లెక్కనుండి కొట్టివేయుట కేవలము పొదుపు కాదు, మాటతప్పుట.

పదేండ్లు నిండిన వారి స్థితియైనను నిష్కంటకము కాదు. పింఛనుదారుడు బ్రిటనులోనున్న ప్రతి యేప్రిలునను పింఛను పెరుగును: ధరల పెరుగుదల, జీతముల పెరుగుదల, నూటికి రెండున్నర - వీనిలో నేది యెక్కువయైన నంత. అతడు భారతదేశమున నున్నచో పెరుగుదల లేదు. మొదట ఎంత వచ్చెనో తుదివఱకు నంతే. 2000 ఏప్రిలులో పాతపద్ధతి పూర్తి మూలపింఛను వారమునకు 67.50 పౌండ్లు; 2025-26లో అది 176.45. ఆ యేటనే పింఛను పుచ్చుకొని కాకినాడలో స్థిరపడిన వృద్ధవైద్యుడు నేడును వారమునకు 67.50 పౌండ్లతోనే తృప్తిపడవలెను. చూచిపోవుటకు మరల బ్రిటను వెళ్లిన, అచ్చట నున్న నాళ్లకు మాత్రము పెరిగిన రేటు నిత్తురట! వైద్యుడు మారలేదు, చందా మారలేదు. కాలు మోపిన నేల మారిన, హక్కు మారుచున్నది.

దూరమే కారణమా యన్న, కాదు. ఫిలిప్పైన్సు, జమైకా, అమెరికా సంయుక్తరాష్ట్రములలో నివసించువారికి ఏటేట పెరుగుదల నిచ్చుచున్నారు. ఇండియా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలోని వారికి ఈయరు. ఒకే యాసుపత్రిలో, ఒకే వార్డులో, ఒకే చందా గట్టి పనిచేసిన యిద్దఱు నర్సులలో మనీలాకు మరలినామెకు పింఛను పెరుగును, నెల్లూరునకు మరలినామెకు స్తంభించును. లోకమున నిట్లు స్తంభించిన పింఛనుదారులు సుమారు 4,50,000 మంది. దక్షిణాఫ్రికాలో నివసించు ఆనెట్ కార్సన్ అను నామె యీ భేదమును బ్రిటిషు న్యాయస్థానములలో నెదిర్చి, 2005లో ప్రభువులసభలో నోడి, యూరపు మానవహక్కుల న్యాయస్థానమునకు బోయెను. 2010 మార్చి 16న ఆ న్యాయస్థానపు మహాపీఠము 11 మంది యొకవైపును, 6గురు మఱియొకవైపును నుండగా ఆమె వాదము ద్రోసివేసెను. దేశమునం దున్నవారును, వెలుపలనున్నవారును సమానస్థితిలో లేరనుట తీర్పు సారము. చట్టము తలుపు మూసిన పిమ్మట మిగిలినది రాజ్యముల నడుమ నొడంబడికయే.

ఇచ్చట చరిత్రను గొంచెము స్మరించుట యసందర్భము కాదు. ఇండియాలో నుద్యోగము చేసి యింటికి మరలిన ఇంగ్లీషు అధికారుల పింఛనులు మన బొక్కసమునుండి లండనునకు ప్రవహించుచుండెను. దాదాభాయి నౌరోజీ 1901లో ప్రకటించిన తన గ్రంథమున దేశధనము తరలిపోవు మార్గములలో వీనిని లెక్కించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతనైనను మన ప్రభుత్వము ఆ పింఛనులను ఎగవేయలేదు. 1948 నాటి యొప్పందమున మన స్టెర్లింగు నిలువలనుండియే వాని నిమిత్తము పెద్ద మొత్తము నొక్కసారిగ చెల్లించెను. కష్టదశలోనున్న పేదదేశము పరాయివారి వృద్ధాప్యమునకిచ్చిన మాట నిలుపుకొనెను. మన రాయబారులు ఈ సంగతిని లండనులో నెత్తిచెప్పుటకు మొగమోట పడనక్కరలేదు.

కాని మన ప్రభుత్వమును నడుగవలసినది కలదు. 2025 జూలై 24న బ్రిటనుతో వర్తకపు ఒడంబడికపై సంతకములయ్యెను. దానితోపాటు రెండుదేశములలో రెండుమార్లు చందా కట్టనక్కరలేకుండ నొక యేర్పాటును నంగీకరించిరి. కంపెనీలు తాత్కాలికముగ బంపు ఉద్యోగులకు ఇది మేలే. అంతకుముందు వారికి మొదటి 52 వారములు మాత్రమే మినహాయింపుండెను. అయినను దీనివలన ముఖ్యముగ లాభపడునవి కంపెనీలు. వెనుక గట్టిన చందాలు వ్యర్థము కాకుండ చూచుటకును, స్తంభించిన పింఛను కరగుటకును ఇందు మార్గము లేదు. విస్కీపైని సుంకము తగ్గించుటకు సంవత్సరముల తరబడి బేరమాడిన మన యధికారులకు ముసలి నర్సు పింఛను చిన్నవిషయముగ దోచినదేమో! అమెరికాతో నింతమాత్రపు ఏర్పాటును లేదు. అచ్చట జీతములో నూటికి 6.2 వంతున కోతవడుచుండును. పింఛనునకు 40 త్రైమాసికముల లెక్క, అనగా పదేండ్ల పని, కావలెను. స్వచ్ఛందముగా గట్టి పూరించుకొను మాటయే లేదు. ఆఱేండ్ల గడువుగల వీసామీద బోయి మరలినవాడు అంతయు వదలుకొని రావలసినదే.

ఒడంబడికలు కుదురునంతవఱకు మనవారు చేయదగినదేమి? బ్రిటనులో పనిచేసి వచ్చిన ప్రతివారును ముందు తమ నేషనల్ ఇన్సూరెన్సు నంబరును వెదకి, ఏ యే సంవత్సరములు లెక్కకు వచ్చినవో ప్రభుత్వపు రికార్డులో జూచుకొనవలెను. విదేశమునుండి చందా గట్టుటకు సి.ఎఫ్. 83 అను ఫారము కలదు. దానికి రుసుము లేదు, దళారి యక్కరలేదు. సాధారణముగ గడచిన ఆఱేండ్లకే కట్టనిత్తురు; 2006 వఱకు వెనుకకు బోవుటకిచ్చిన ప్రత్యేకపు గడువు 2025 ఏప్రిల్ 5తో ముగిసినది.

కట్టవలెనా, మానవలెనా యన్నది ఒక్కొక్కరి లెక్కనుబట్టి యుండును. ఇదివఱకే పూర్తి పింఛనునకు సరిపడు సంవత్సరములున్నవాడు ఒక్క పౌండు గట్టినను వృథా. పదింటికి ఒకటి రెండు తక్కువగా నుండి అర్హత మిగిలియున్నవాడు ఆలసింపరాదు. పింఛను వయస్సు ఇప్పుడు 66 ఏండ్లు. 2026-28 నడుమ 67కు బెరుగుచున్నది. అంతకు ముందే కాలము చేసినవాని చందా తిరిగిరాదు. భార్యాబిడ్డలకు సంక్రమించుటయు క్రొత్తపద్ధతిలో మిక్కిలి యరుదు. ఇండియాలో వసించువాడు నేటి రేటును జూచి మురియక, ఇరువదియేండ్ల తరువాత ఆ స్తంభించిన సొమ్మునకు ఎన్ని బియ్యము వచ్చునో యని కూడ నాలోచింపవలెను. వయస్సు వచ్చినంతమాత్రమున పింఛను తానుగా రాదు. విదేశములలోని వారి దరఖాస్తులు అచ్చటి అంతర్జాతీయ పింఛను కార్యాలయము చూచును. అడుగనివారికి అది యీయదు. మన గ్రంథాలయములలో కార్యదర్శులు ఇంగ్లీషు రాని వృద్ధతలిదండ్రుల పక్షమునను, పరాయిదేశమున భర్త గతించిన స్త్రీల పక్షమునను ఈ దరఖాస్తులు వ్రాసిపెట్టుట కొక సాయంకాలమును కేటాయింతురేని, ఆ పని వచ్చే వారమే మొదలుపెట్టవచ్చును.