గోడ మీద 1189

నాటింగ్‌హామ్ కోట కింద, ఇసుకరాతి గుట్టకి వీపు ఆనించి ఒక తెల్లటి పబ్ ఉంది. వెనక గదులు గుట్టలో తొలిచిన గుహలే. గోడ మీద పెద్ద అక్షరాల్లో పేరు: ‘యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం’. దాంతోపాటే క్రీ.శ. 1189 అని సంవత్సరం, ఇంగ్లండులోకెల్లా పాత పబ్ ఇదేనన్న ప్రకటన. క్రూసేడు యోధులు ఇక్కడ ఆగి, బీరు తాగి, జెరూసలేం దారి పట్టారని కథ. అక్కడికెళ్ళిన ఎవరైనా ఆ గోడ ముందు ఒక ఫొటో దిగుతారు. ఫొటో బాగానే ఉంటుంది. గోడే అబద్ధం చెప్తోంది.

ఒక్కొక్కటే చూద్దాం. ఇప్పుడున్న కట్టడం 17వ శతాబ్దానిది. 1189లో ఇక్కడ పబ్ ఉందని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. 1751లో దీని పేరు ‘పిల్‌గ్రిమ్’, అంటే యాత్రికుడు. ఇప్పటి పేరు 1799 నుంచే రికార్డుల్లో కనిపిస్తుంది. ఇక ఆ ‘యే’ సంగతి మరీ తమాషా. పాత ఇంగ్లీషులో ‘ద’ అని రాయడానికి ‘థార్న్’ అనే అక్షరం వాడేవాళ్ళు. చేతిరాతలో అది పోనుపోను ‘వై’లా తయారైంది. అచ్చువాళ్ళు దాని బదులు ‘వై’నే పెట్టేశారు. ఎలా రాసినా చదివింది మాత్రం ‘ద’ అనే. దాన్ని ‘యే’ అని పలకడం తర్వాతి తరాల పొరపాటు. ఆ పొరపాటే ఇప్పుడు పాతదనానికి రాజముద్ర! మొన్న తెరిచిన హోటలు బోర్డు మీద నాలుగు అరసున్నాలూ రెండు బండి ‘ఱ’లూ చల్లితే అది కాకతీయుల నాటిదైపోతుందా?

“అయితే ఏంటట? పబ్ కథలక్కూడా శాసనాలు చూపించాలా?” అంటారు. అక్కర్లేదు. ఆ పబ్‌లోనే ఒక ఓడ బొమ్మ ఉంది. దాని దుమ్ము దులిపినవాళ్ళు చచ్చిపోతారని చెప్పుకుంటారు. దాంతో నాకే పేచీ లేదు. అది కథేనని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. కథకి అబద్ధమాడే హక్కుంది. అంకెకి లేదు. గోడ మీద సంవత్సరం వేశారంటే నమ్మమని అడుగుతున్నట్టే.

పోనీ, నమ్ముదాం. 1189నే తీసుకుందాం. ఆ ఏడు సెప్టెంబరు 3న వెస్ట్‌మిన్‌స్టర్‌లో మొదటి రిచర్డ్ పట్టాభిషేకం. కానుకలు పట్టుకొచ్చిన యూదు పెద్దల్ని గుమ్మం దగ్గరే కొట్టి తరిమారు. యూదుల్ని చంపమని రాజే చెప్పాడని పుకారు పుట్టింది. లండన్‌లో వాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. మరుసటేడు మార్చిలో స్టామ్‌ఫర్డ్‌లో యూదుల మీద పడినవాళ్ళు క్రూసేడుకి బయల్దేరిన కుర్రాళ్ళు. అదే నెలలో యార్క్‌లో, కోట బురుజులో తలదాచుకున్న దాదాపు 150 మంది యూదులు చనిపోయారు. గుంపు చేతికి చిక్కేకన్నా ఇదే నయమని చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఆ తర్వాత దాడి చేసినవాళ్ళు పెద్ద చర్చికి పోయి, అక్కడ భద్రపరిచిన అప్పు పత్రాలన్నీ తగలబెట్టారు. పవిత్ర యాత్రకి ముందు బాకీలు అలా తీరిపోయాయి.

1191లో ఏకర్ దగ్గర రిచర్డ్ ఆజ్ఞ మీద సుమారు 2,700 మంది ముస్లిం ఖైదీల్ని నరికేశారు. జెరూసలేం మాత్రం దక్కలేదు. తిరిగొచ్చాక 1194లో ఆయన నాటింగ్‌హామ్‌కీ వచ్చాడు. బీరు కోసం కాదు, తమ్ముడు జాన్ మనుషుల చేతిలో ఉన్న ఈ కోటని ముట్టడించడానికి. ఇదంతా కలిపితే ‘ట్రిప్’. వారాంతపు షికారుకి వాడే మాట!

ఇంకో సంగతి. ఇంగ్లీషు చట్టంలో ‘జ్ఞాపకానికందని కాలం’ అన్న మాటకి ఒక హద్దుంది. రిచర్డ్ రాజైన 1189వ సంవత్సరమే ఆ హద్దు. అంతకు ముందుది గుర్తులేదంటే చట్టం ఒప్పుకుంటుంది. 1189 నుంచి మాత్రం గుర్తుండాల్సిందే. అలాంటి అంకెని తెచ్చి ఈ గోడ మీద నగలా పెట్టారు. ఆ ఏడు చచ్చిపోయినవాళ్ళ ఊసు ఎక్కడా లేదు.

బోర్డు పీకేయమనడం లేదు. ఆ గుహలు నిజం. నాటింగ్‌హామ్ కింద అలాంటివి 800కి పైగా ఉన్నాయి, మెత్తటి రాతిని మనుషులు చేత్తో తొలిచి చేసుకున్నవి. 17వ శతాబ్దపు గోడలు నిజం. ఆ వయసు ఏ పబ్‌కైనా గొప్పే. ఆ నిజం రాస్తే బీరు చేదెక్కదు. కాదూ, 1189 ఉండాల్సిందేనంటారా? ఉంచండి. దాని పక్కన లండన్, స్టామ్‌ఫర్డ్, యార్క్ పేర్లు కూడా రాయండి.

వాళ్ళు రాయరనే అనుకుంటున్నాను. కాబట్టి మీరెప్పుడైనా అటు వెళ్తే, గ్లాసు ఎత్తండి, ఫొటో దిగండి. కింద ఆ మూడు ఊళ్ళ పేర్లు మీరే రాసి పెట్టండి.