ఆ అత్తని తిట్టుకున్నా... రెండోసారి చూసేదాకా

పోయిన వారం థ్రిల్లర్ల లిస్ట్ ఇచ్చాక చాలామంది అడిగింది ఒకటే. "బ్రో, యానిమేలో బాగా ఏడిపించే సినిమా చెప్పు." దీనికి ఆలోచించే పనే లేదు. 1988లో స్టూడియో జిబ్లీ నుంచి వచ్చిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. డైరెక్టర్ ఇసావో తకహాతా. గంటన్నర కూడా ఉండదు. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. చూసేయండి, ఏడ్చేయండి.

అంతటితో కాలమ్ అయిపోవాలి. కానీ ఈ సినిమాతో నాకో చిన్న లెక్క ఉంది.

మొదటిసారి చూసింది బీటెక్ థర్డ్ ఇయర్‌లో. హాస్టల్ రూమ్, ఒకటే ల్యాప్‌టాప్, ఐదుగురం. కథ ఇదీ: 1945, కోబే నగరం మీద అమెరికా నిప్పు బాంబులు వేస్తుంది. కాలిన గాయాలతో తల్లి చనిపోతుంది. తండ్రి నేవీలో ఎక్కడో సముద్రం మీద. పద్నాలుగేళ్ల సెయితా, నాలుగేళ్ల చెల్లి సెత్సుకో ఒక బంధువు ఇంటికి చేరతారు, అత్త వరస. స్పాయిలర్ అని తిట్టకండి, సెయితా చనిపోతాడని సినిమా మొదటి నిమిషంలోనే చెప్పేస్తారు, సన్నోమియా రైల్వే స్టేషన్‌లో స్తంభానికి ఆనుకుని. అంటే ఏం జరుగుతుందన్న సస్పెన్స్ లేదు. ఎలా జరిగిందన్నదే సినిమా.

ఆ అత్త అమ్మ కిమోనోలు అమ్మించి బియ్యం తెస్తుంది. పనికెళ్లే తన కూతురికీ, ఇంట్లో అద్దెకుండే కుర్రాడికీ కుండ అడుగు నుంచి చిక్కగా తోడి పెడుతుంది. ఈ ఇద్దరికీ పైపైన నీళ్ల గంజి. ఆ సీన్‌కి మా రూమ్‌లో ఆవిడని తిట్టని వాడు లేడు. మాటలు పడలేక సెయితా చెల్లిని తీసుకుని చెరువు పక్కన పాడుబడ్డ షెల్టర్‌కి వెళ్లిపోతాడు. మేం దాదాపు చప్పట్లు కొట్టాం.

రెండేళ్ల కిందట నా ఉద్యోగం పోయింది. కంపెనీ ఏదన్నది ఇక్కడ అనవసరం, చాలామందికి పోయిన టైమే. అప్పుడు హైదరాబాద్‌లో బాబాయ్ వాళ్లింట్లో ఉండేవాణ్ని. ఉద్యోగం పోయిన మూడో వారం అనుకుంటా, పిన్ని బియ్యం కడగబోతూ అడిగింది, "రాత్రికి తింటావా, బయటేనా?" అని. అంతే. రోజూ అడిగే మాటే. ఆ రోజు మాత్రం నాకు వేరేలా వినిపించింది. మర్నాడు "ఫ్రెండ్ రూమ్‌లో ప్రిపేర్ అవుతా" అని చెప్పి అమీర్‌పేట్‌లో ఒక పీజీలో దిగా. ఇంట్లో వాళ్లకి ఉద్యోగం పోయిన సంగతే చెప్పలేదు. సేవింగ్స్ అయ్యాయి, క్రెడిట్ కార్డ్ మొదలైంది. రెండో నెలకి సాయంత్రం టీ, రెండు సమోసాలు, అదే డిన్నర్.

నా కష్టం సెయితా కష్టంతో సమానం అనట్లేదు. నాకు ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చే నాన్న ఉన్నాడు. కానీ ఆ పీజీ బెడ్ మీద ఫోన్‌లో ఈ సినిమా మళ్లీ చూస్తుంటే, హాస్టల్లో అసలు గమనించని సీన్ ఒకటి తగిలింది. సెయితా ఒక రైతు దగ్గరికి బియ్యం కోసం వెళ్తాడు. ఆయన లేవని చెప్పి, ఒక మాట అంటాడు: వెళ్లి మీ అత్తకి క్షమాపణ చెప్పుకుని అక్కడే ఉండండి, ఈ రోజుల్లో విడిగా బతకడం కుదరదు అని. రేషన్ రోజులు కదా, పదిమందిలో ఉంటేనే తిండి. సెయితా వెళ్లడు. బ్యాంకులో అమ్మ దాచిన డబ్బుంది, నాన్న వస్తాడు అన్న ధీమా. దొంగతనానికి దిగుతాడు గానీ, ఆ ఇంటి గుమ్మం ఎక్కడు.

ఇది యుద్ధ వ్యతిరేక సినిమా కాదు అని తకహాతా పదే పదే చెప్పేవారు. ఆయన తొమ్మిదేళ్లప్పుడు ఒకయామా మీద పడ్డ బాంబుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. యుద్ధం గురించి ఆయనకి తెలియక కాదు. నలుగురితో తెంచుకుని ఇద్దరే బతకాలనుకోవడం, అది కూలిపోవడం, ఆయన చూపించాలనుకున్నది అదీ. నాకది అర్థం కావడానికి ఒక లేఆఫ్ కావాల్సి వచ్చింది.

దీని తర్వాత వారం గ్యాప్ ఇచ్చి 'సొసైటీ ఆఫ్ ద స్నో' పెట్టండి. స్పెయిన్ డైరెక్టర్ జె.ఎ. బయోనా తీసింది, ఇదీ నెట్‌ఫ్లిక్స్‌లోనే. 1972లో ఉరుగ్వే రగ్బీ టీమ్ ఎక్కిన విమానం ఆండీస్ మంచు కొండల్లో కూలింది. 45 మందిలో 72 రోజుల తర్వాత మిగిలింది 16 మంది. వెతకడం ఆపేశారని వాళ్లు రేడియోలో వింటారు. ఆ తర్వాత ఒకడు మంచు కరిగించి నీళ్లు చేస్తాడు, ఇంకొకడు గాయాలు చూస్తాడు, విమానంలో దొరికిన సామానుతో స్లీపింగ్ బ్యాగ్ కుడతారు. చనిపోయిన వాళ్ల శరీరాలు తినాలా వద్దా అన్న దారుణమైన మాట కూడా అందరూ కూర్చునే మాట్లాడుకుంటారు. సెయితాకి లేనిది అదే. కూర్చుని మాట్లాడే మనిషి.

చిన్న రిక్వెస్ట్. ఈ రెండూ 1.5 స్పీడ్‌లో చూడొద్దు. రీల్స్ అలవాటు నాకూ ఉంది, కానీ సెత్సుకో క్యాండీ డబ్బాలో నీళ్లు పోసుకుని తాగే సీన్‌ని స్పీడ్ పెంచి చూస్తే ఇక అందులో ఏముంది? జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వీలైతే టీవీలో. ఏడుపు మరీ ఎక్కువైతే మర్నాడు 'మై నైబర్ టొటొరో' వేసుకోండి. 1988 ఏప్రిల్ 16న జపాన్ థియేటర్లలో ఈ రెండూ ఒకే టికెట్ మీద ఆడాయి. ఆ ప్లాన్ ఎవరిదో గానీ, ముందు టొటొరో చూసి నవ్వుకుంటూ తర్వాత దీన్లోకి వెళ్లిన పిల్లల్ని తల్చుకుంటే జాలేస్తుంది.

ఇంతకీ నేను పిన్ని వాళ్లింటికి వెళ్లా. సారీ ఎలా చెప్పాలో మెట్రోలో నాలుగు వెర్షన్లు రాసుకున్నా. తలుపు తీసి, "చెప్పులు బయటే వదులు, ఇప్పుడే తడిగుడ్డ పెట్టా" అంది. నాలుగు వెర్షన్లూ వేస్ట్.

పోయిన ఆదివారం ఈ కాలమ్ కోసం సినిమా మళ్లీ పెట్టుకుంటే, కూర తరుగుతూ ఆవిడా కూర్చుంది. అత్త గంజి పోసే సీన్‌కి నేను కావాలనే ఏం మాట్లాడలేదు. "ఆవిడ మాత్రం ఏం చేస్తుందిరా, ఆ ఇంట్లోనూ తినేవాళ్లున్నారు కదా" అంది. ఇంకో రెండు బెండకాయలు తరిగాక, టీవీ వైపు చూడకుండానే, "అయినా ఆ చిన్నపిల్లకి ఇంకో గరిటె వేయాల్సింది" అంది.