కుక్క కాటు: రేబిస్ గడువు ఇస్తుంది.. మన్యంలో ఆ గడువు దారిలోనే కరిగిపోతోందా?

కుక్క కరిచింది. గాయం చిన్నదే. పసరు పోసి కట్టు కట్టారు. వారంలో మానిపోయింది. ఇక భయం లేదనుకుంటే పొరపాటే. రేబిస్ వైరస్ అసలు ప్రయాణం లోపల సాగుతూ ఉండొచ్చు. అరకు లోయ, పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి రోగులను ఇంకా డోలీలో మోసుకొస్తున్నారు. అక్కడ ఇది ప్రాణాల లెక్క.

వైరస్ ఏం చేస్తుంది?

తుపాకీ గుండు ఆకారంలో ఉండే ఈ వైరస్ కుక్క లాలాజలంతో గాయంలోకి దిగుతుంది. కండరం నుంచి నరంలోకి దూరి మెదడు వైపు పాకుతుంది. రక్తం దారి పట్టదు కాబట్టి రోగనిరోధక శక్తికి అంత తేలిగ్గా దొరకదు. లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 1 నుంచి 3 నెలలు పడుతుంది. ముఖం, మెడ మీద కరిస్తే ఇంకా త్వరగా రావొచ్చు. నీళ్లంటే భయం మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం.

బంధువే.. కానీ తేడా ఉంది!

ఇదే కుటుంబానికి చెందింది చాందిపుర వైరస్. 2003లో ఉమ్మడి ఏపీలో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి, 183 మంది చనిపోయారు. దానికి చాందిపురే కారణమని పుణె ఎన్‌ఐవీ శాస్త్రవేత్తలు తేల్చారు. ఇసుక ఈగలతో వ్యాపించే ఈ వైరస్‌కు టీకా లేదు. జ్వరం వచ్చిన ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. రేబిస్ అలా కాదు. టీకా ఉంది, టైమూ ఉంది.

మరి ఏం చేయాలి?

వెంటనే సబ్బు, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసరు, కారం, సున్నం పూయొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయింది. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. అది పనిచేయడానికి వారం పైనే పడుతుంది. అందుకే రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోనే సీరం కూడా ఇవ్వాలి.

అసలు చిక్కు ఇక్కడే. కొండ మీది కుటుంబానికి నాలుగు డోసులంటే నాలుగు ప్రయాణాలు, నాలుగు రోజుల కూలి. గాయం మానితే మూడో డోసుకు ఎవరు దిగొస్తారు?

కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి అంతం చేస్తామని కేంద్రం 2021లో లక్ష్యం పెట్టుకుంది. గాయం కడగడానికి సబ్బు గూడెంలోనే దొరుకుతుంది. టీకా, సీరమే కొండ దగ్గరికి రావాలి.