క్యాలెండరుల యైకమత్యము

ఇప్పటి మన యిండ్లలో గడియారములకంటె క్యాలెండరులే యెక్కువగా నున్నవి. గోడమీద తిథి వార నక్షత్రములతో గూడిన క్యాలెండ రొకటి వ్రేలాడుచుండును. తండ్రిగారి ఫోనులో నొకటి, తల్లిగారి ఫోనులో నొకటి, కార్యాలయపు కంప్యూటరులో వేఱొకటి, కుమారుని చదువు నిమిత్తము కొనిన ట్యాబులో మఱియొకటి గలవు. ఇన్ని యుండియు, పరీక్షరుసుము కట్టుటకు గడు వెన్నటివఱకని యడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క తేదిని చెప్పుదురు. క్యాలెండరులు లేకపోవుటచేత గాదు, వాని కొకదానితో నొకటికి పొత్తు లేకుండుటచేతనే యీ చిక్కు కలుగుచున్నది. పాఠశాలకును తలిదండ్రులకును సమానముగా సంబంధించిన యీ విషయమును గూర్చి మా యభిప్రాయమును చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

ఈ చిక్కు యంత్రములతో బుట్టినది గాదు. 1582వ సంవత్సరమున పదమూడవ గ్రెగరీ పోపుగారు క్యాలెండరును సవరించినపుడు, అక్టోబరు 4వ తేదికి మఱునాటిని 15వ తేదిగా నెంచిరి. ఇంగ్లండు దేశ మీ సవరణమును 1752లో గాని యంగీకరింపలేదు. నడుమ నూటడెబ్బది సంవత్సరములు ఆ దేశమునకును పొరుగుదేశములకును ఒకేదినమునకు వేఱువేఱు తేదులుండెను. మన దేశమున 1952లో మేఘనాథ్ సాహాగారి యధ్యక్షతను క్యాలెండరు సంస్కరణసంఘ మేర్పడి, దేశమందు సుమారు ముప్పది విధములైన పంచాంగములు వాడుకలో నున్నట్లు కనుగొనెను. ఆ సంఘము సూచించిన జాతీయ క్యాలెండరు 1957 మార్చి 22వ తేదినుండి యమలులోనికి వచ్చెను. ఐనను ఉగాదికి మన పెద్దలు నేటికిని పంచాంగమునే చూచుచున్నారు. దీనివలన మనము నేర్వదగిన దొకటి కలదు. క్యాలెండరుల నన్నిటిని తుడిచివేసి యొక్కదానిని మిగుల్చుట దుస్సాధ్యము. వాని నడుమ నమ్మదగిన సంబంధము నేర్పఱచుట సాధ్యము.

యంత్రములలోని క్యాలెండరుల కట్టి సంబంధ మిదివఱకే యేర్పడియున్నది. 1998లో ఫ్రాంక్ డాసన్, డెరిక్ స్టెనర్సన్ అను నిరువురు ఐక్యాలెండర్ అను నొక వ్రాతపద్ధతిని ప్రకటించిరి. అందొకరు లోటస్ సంస్థకు జెందినవారు, రెండవవారు మైక్రోసాఫ్ట్ సంస్థకు జెందినవారు. వ్యాపారమున పోటీపడు సంస్థలవారు తేదిని వ్రాయు తీరునందు మాత్ర మేకమైరి. ఆ పద్ధతి 2009లో సవరింపబడి నేటికిని నిలిచియున్నది. దాని ప్రకారము ప్రతి నమోదునకును వేఱొకదానికి లేని గుర్తుపే రొకటి యుండును. అది యెన్నిమాఱులు సవరింపబడినదో తెలుపు సంఖ్యయు నుండవచ్చును. 2007లో క్యాల్‌డావ్ అను నియమావళి వెలువడి, ఫోను మొదలగునవి కేంద్రమందలి క్యాలెండరుతో మాటాడుకొను విధమును నిర్ణయించెను. గూగుల్ క్యాలెండరు, ఆపిల్ వారి క్యాలెండరు, అవుట్‌లుక్ అను మూడును ఐక్యాలెండర్ వ్రాతను చదువగలవు. కావున యంత్రములకు భాష కుదిరినది. కుదరనిది మన యేర్పాటు మాత్రమే.

ఒక క్యాలెండరులోని విషయమును మఱియొకదానిలోనికి దెచ్చుటకు మూడు మార్గములు గలవు. మొదటిది దిగుమతి. పాఠశాలవారు పంపిన ఐ.సి.యస్. దస్త్రమును ఫోనులోనికి దిగుమతి చేసికొన్నచో ఆనాటి తేదులన్నియు నకలుగా వచ్చి చేరును. ఇది హాజరుపట్టీనుండి పేర్లెత్తి వ్రాసికొనుట వంటిది. తరువాత పట్టీలో నేమి మార్చినను మన కాగితములో మారదు. రెండవది చందా. క్యాలెండరు ఉన్న అంతర్జాలపు చిరునామాను ఫోనున కిచ్చినచో, అది యప్పుడప్పు డచటికి బోయి క్రొత్త ప్రతిని దెచ్చుకొనును. ఇది ప్రకటనపలకను కిటికీనుండి చూచుట వంటిది. చదువవచ్చును గాని చెఱుపరాదు. ఐతే మార్పు మనకు గనబడుటకు కొన్నిగంటలు, ఒక్కొక్కప్పు డొకదినముకూడ పట్టవచ్చును. మూడవది ఖాతాకలయిక. ఒకే ఖాతాను ఫోనులోను కంప్యూటరులోను జేర్చినచో అవి రెండును ఒకే పుస్తకములో వ్రాసినట్లగును. ఇచట జేర్చిన దచట కనబడును. ఇచట కొట్టివేసిన దచటను బోవును.

ఈ మూటిలోని భేద మెఱుగకపోవుటయే మన కష్టములలో సగమునకు మూలము. పదవ తరగతి పబ్లిక్ పరీక్షల రుసుమును దృష్టాంతముగా దీసికొందము. గడువు తేది యొకటి ప్రకటింపబడును. దాని తరువాత నపరాధరుసుముతో గట్టవలసిన తేదులు మఱికొన్ని వచ్చును. ఒక్కొక్క యేట గడువు పొడిగింపబడుటయు గలదు. తొలిప్రకటనను దిగుమతి చేసికొన్న తండ్రిగారి ఫోనులో పాతతేదియే నిలిచియుండును. చందా కట్టిన తల్లిగారి ఫోనులో క్రొత్తతేది యుండును. రెండును జేసినవారి ఫోనులో ఒకేపని రెండుమాఱులు కనబడును. ఎవరి ఫోను అబద్ధమాడలేదు. ఒకటి నకలును జూపుచున్నది, ఒకటి మూలమును జూపుచున్నది. నష్టము మాత్రము విద్యార్థిది.

దూరదేశములందున్న తలిదండ్రుల విషయము మఱింత సున్నితము. కువైటులోను అమెరికాలోను ఉద్యోగములు చేయుచు బిడ్డల నిచట చదివించుకొను తెలుగువారు పెక్కుమంది గలరు. శనివారము ఉదయము 10 గంటలకు తలిదండ్రుల సమావేశమని మన మనుకొందము. ఆ సమయమున కువైటులో ఉదయము 7.30 గంటలు. న్యూయార్కులో శీతకాలమున శుక్రవారము రాత్రి 11.30 గంటలు, వేసవిలో నచట గడియారమును ఒకగంట ముందునకు ద్రిప్పుదురు గావున శనివారము అర్ధరాత్రి దాటి 12.30 గంటలు. అనగా ఒకేసభకు ఋతువునుబట్టి వారము పేరే మాఱుచున్నది. నమోదునందు ఇది భారతదేశపు కాలమని తెలిపినచో ఫోను ఈ లెక్కయంతయు దానే చూచుకొనును. తెలుపక ఊరక 10 గంటలని వ్రాసినచో ఏ దేశములో నున్నవారి కా దేశపు పదిగంటలకే గంట మ్రోగును. పుట్టినదినములను, సెలవులను గంటలతో గాక దినమంతయు నుండు నమోదులుగా వ్రాయవలెననుటకును కారణ మిదియే. లేకున్న నవి పరదేశమున నొకరోజు వెనుకకు జరుగును.

ఇంటిల్లిపాదియు ఒకే సంస్థవారి ఫోనులను గొన్నచో నీ బాధ యుండదని కొందఱందురు. ఇది ధనవంతుల యుపాయము. మన పాఠశాలకు వచ్చు బిడ్డల యిండ్లలో అన్నగారు విడిచిన ఫోనును తమ్ముడు వాడుట సాధారణము. మఱికొందఱు గోడక్యాలెండరు చాలదా యని ప్రశ్నింతురు. దానిని మేమును గౌరవింతుము. ఇంటిలోని యవ్వగారుకూడ చూడగలుగుట దాని గొప్పతనము. కాని మారిన తేదిని అది తనంతట దిద్దుకొనజాలదు. ఇంకొక యలవాటునుగూర్చి చెప్పవలసియున్నది. పాఠశాలల ప్రకటన లిప్పు డనేకము వాట్సాప్ సమూహములందు కాగితపు ఛాయాచిత్రములుగా వచ్చుచున్నవి. ఆ చిత్రము ఏ క్యాలెండరులోనికిని దానంతట నది చేరదు. ప్రతి యింటిలోను ఒకరు, తఱచుగా తల్లిగారే, దానిని జదివి, జ్ఞాపకముంచుకొని, అందఱికిని గుర్తుచేయవలసియున్నది. ఇంటి తేదుల భారమంతయు నొక్కరి తలమీద మోపుట న్యాయము గాదని మా నమ్మకము.

కావున మేము సూచించునవి నాలుగు. మొదటిది, పాఠశాలకు మూలమగు క్యాలెండ రొక్కటియే యుండవలెను. అందు వ్రాయు నధికార మిద్దఱికి మించి యుండరాదు, చదువు నధికార మందఱికి నుండవలెను. రెండవది, దానిని దస్త్రముగా బంపక చందాచిరునామాగా బంపవలెను. మూడవది, తేది మారినపుడు పాతనమోదునే దిద్దవలెను. పాతదాని నట్లే యుంచి క్రొత్తదానిని జేర్చినచో రెండుతేదులు పోరాడుకొనును. నాలుగవది, అదే పట్టికను ప్రతినెల అచ్చొత్తించి, సవరించిన తేదిని పైన వ్రాసి, ప్రకటనపలకపై నంటింపవలెను. అత్యవసరమైన మార్పునకు చందాను నమ్ముకొనక, నాడే తరగతిలో చదివి వినిపింపవలెను.

జాగ్రత్తలును గలవు. అందఱును జూచు క్యాలెండరులో బిడ్డల పేర్లు, ఇంటి చిరునామాలు వ్రాయరాదు. తమ సొంతక్యాలెండరునకు గూగుల్ వారిచ్చు రహస్యచిరునామాను సమూహములలో బెట్టరాదు. అది తెలిసినవారెల్లరు ఆ క్యాలెండరును జదువగలరు. ఎవరో తెలియనివారు పంపిన క్యాలెండరునకు చందా కట్టినచో, మీ ఫోను చెడిపోయినదను దొంగహెచ్చరికలు తేదుల రూపమున రావచ్చును. ఆ చందాను రద్దుచేయుటయే మందు. కలిసిన ఖాతాలో దేనినైనను కొట్టివేయుటకు ముందు ఇతరులదికూడ పోవునని తలపవలెను.

విద్యార్థులారా! మీలో పదిమందికి ఫోను చేతనున్నచో ఒకరికి లేకపోవచ్చును. ఎంత చక్కని యేర్పాటైనను ఆ యొకని యింటికి తేది చేరనియెడల అది పాఠశాల క్యాలెండరు కాదు, కొందఱి క్యాలెండరు మాత్రమే. అందుచేతనే ప్రకటనపలకను మేము నాలుగవ నియమముగా బెట్టితిమి గాని, దానిని విడువవచ్చునని చెప్పలేదు. ఫోను గలవారు లేనివానికి మారిన తేదిని ఆనాడే తెలుపవలెనని కోరుచున్నాము. యంత్రములు తమలో దాము పొందికగా నుండుటకు నియమము లేర్పడినవి; తోటివానికి తెలుపుటకు నియమ మక్కఱలేదు, మనసు చాలును. పాఠశాలాధికారులును తలిదండ్రులును ఈ సూచనల నాలోచించి, రానున్న విద్యాసంవత్సరారంభముననే వీనిని ఆచరణమున బెట్టుదురుగాక యని మనవి చేయుచున్నాము.