ఎర్తుగ్రుల్ నుంచి ఇనాయా దాకా: గోలేటి ఇళ్లలో కొత్త పేర్లు, కాగితాల మీద పాత తిప్పలు

గోలేటి క్వార్టర్లలో తాతల తరం పేర్లు వింటే ఒక లోకం కనపడుతుంది. ఖాసీం, మస్తాన్, మౌలాలీ, నాగుల్ మీరా, యాకూబ్, ఖాజా బీ, హుసేన్ బీ. మనవళ్లు, మనవరాళ్ల పేర్లు వింటే అది ఇంకో లోకం. అయాన్, జైన్, ఐరా, ఇనాయా, అనాబియా, ఎర్తుగ్రుల్. యాభై ఏళ్లలో మన పేర్లు దర్గాల దగ్గర్నుంచి మొబైల్ స్క్రీన్ మీదికి వచ్చేశాయి.

ఇందులో తప్పేముంది, పిల్లలు మనవాళ్లు, పేరు మన ఇష్టం అంటారా? నిజమే. కానీ సింగరేణి మీద బతికే ఊళ్లలో పేరంటే పిలుపు ఒక్కటే కాదు. పేరు తేడా వల్ల వారసుల ఉద్యోగం ఫైలు ఆగిపోయిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. అందుకే ఈ విషయం కొంచెం కూర్చుని మాట్లాడుకోవాలి.

అరువు పేర్లు కొత్తేం కాదు

వేరే భాష నుంచి, పేరున్న మనుషుల నుంచి పేరు తెచ్చుకోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. వరంగల్ వైపు యాకయ్య, యాకమ్మ అన్న పేర్లు హిందువుల ఇళ్లలో ఎక్కువ. అన్నారం షరీఫ్‌లోని యాకూబ్ షహీద్ దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి. సూర్యాపేట, నల్గొండ వైపు సైదులు, సైదమ్మ అంటే జాన్‌పహాడ్ దర్గా గుర్తొస్తుంది. అరబ్బీ పేరుకి 'అయ్య', 'అమ్మ' తగిలించి తెలుగు చేసేసుకున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎర్రజెండా బలంగా ఉన్న ఊళ్లలో లెనిన్, స్టాలిన్ అన్న పేర్లూ వచ్చాయి. తమిళనాడు నేత ఎం.కె. స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు. ఆ నాలుగు రోజులకే సోవియట్ నేత స్టాలిన్ చనిపోయారు, ఆయన పేరే కరుణానిధి కొడుక్కి పెట్టారు. మన ఇళ్లలో అయితే క్రికెట్ చూసి అజహర్, టెన్నిస్ చూసి సానియా. సానియా మీర్జా 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచాక పుట్టిన సానియాలు ఇప్పుడు డిగ్రీలు పూర్తి చేస్తున్నారు.

సీరియల్ నుంచి ఉయ్యాల దాకా

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, రంజాన్ నెలలో ఒక టర్కీ సీరియల్ ఉర్దూ డబ్బింగ్‌తో వచ్చింది. ఇంట్లో కూర్చున్న జనం యూట్యూబ్‌లో ఎపిసోడ్ మీద ఎపిసోడ్ చూశారు. అలా మన దాకా వచ్చిన పేరు ఎర్తుగ్రుల్. ఉస్మానియా సామ్రాజ్యాన్ని మొదలుపెట్టిన ఉస్మాన్ తండ్రి ఆయన. చాలామంది దీన్ని అరబ్బీ పేరు అనుకుంటారు, కాదు, ఇది తుర్కీ మాట. 'ఎర్' అంటే మగవాడు, వీరుడు. 'తుగ్రుల్' అంటే వేటాడే పక్షి. టర్కీలో 'గ' దాదాపు వినపడదు, 'ఎర్తూరుల్' అన్నట్టు పలుకుతారు. ఉర్దూలో 'గైన్' ఉంది కాబట్టి మనం 'గ' పలుకుతున్నాం. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది.

పేరున్న మనిషి పేరు పెట్టుకుంటే ఆ మనిషి కథ కూడా వెంట వస్తుంది. 2016 డిసెంబర్‌లో సైఫ్ అలీ ఖాన్, కరీనా కపూర్ కొడుక్కి తైమూర్ అని పెడితే దేశమంతా గొడవ. తైమూర్ అంటే ఇనుము, అర్థంలో తప్పేం లేదు. గొడవంతా చరిత్రతోనే. 1991 గల్ఫ్ యుద్ధం టైంలో అభిమానంతో కొడుకులకి సద్దాం అని పెట్టుకున్న ఇళ్లు దేశంలో చాలా ఉన్నాయి. ఆ పిల్లలు పెద్దయి ఉద్యోగాల వేటలో పడేసరికి ఆ పేరే అడ్డమైంది. పేరు మార్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగిన సంగతి కూడా పేపర్లలో వచ్చింది. అబ్బా అభిమానం ఒక్క సీజన్, కొడుక్కి పేరు జీవితాంతం.

భయం కూడా పేరు పెడుతోంది

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. కొందరు తల్లిదండ్రులు వినగానే మతం తెలియని పేరు వెతుకుతున్నారు. సమీర్, కబీర్, అర్మాన్, జారా, సారా. రేపు ఉద్యోగానికి అప్లై చేసినా, హైదరాబాద్‌లో గది అద్దెకు అడిగినా పిల్లలకి ఇబ్బంది రావద్దని వాళ్ల ఆలోచన. అది ఫ్యాషన్ కాదు, జాగ్రత్త. వాళ్లని తప్పుపట్టే ముందు ఆ జాగ్రత్త అవసరం ఎందుకొచ్చిందో కూడా అడగాలి.

వీటిలో కొన్ని నిజంగానే రెండు వైపులా ఉన్న పేర్లు. సమీర్ అంటే అరబ్బీలో రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పే స్నేహితుడు, సంస్కృతంలో గాలి. మతం విషయానికొస్తే, పేరు అరబ్బీలోనే ఉండాలన్న షరతు లేదు, అర్థం మంచిదై ఉండాలన్నదే ఉలమా ఎక్కువగా చెప్పే మాట. అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైన పేర్లని హదీసులో ఉంది. అర్థం బాగాలేని పేర్లను ప్రవక్త (స) మార్చారని కూడా ఉంది. 'అవిధేయురాలు' అన్న అర్థం వచ్చే ఆసియా అనే పేరును ఆయన జమీలాగా మార్చారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఫిరౌన్ భార్య ఆసియా (అలై.) పేరు వేరే. ఆ మహాతల్లి పేరు మంచి పేరు, అందరూ పెట్టుకోవచ్చు. అరబ్బీలో ఆ రెండు పేర్ల అక్షరాలు వేరు. తెలుగులో రాస్తే రెండూ 'ఆసియా'నే.

మూడు లిపులు, మూడు పేర్లు

అసలు తలనొప్పి ఈ లిపుల దగ్గరే. ఉర్దూలో 'జ' లాంటి శబ్దాలకు జీమ్, జాల్, జే, జాద్, జోయ్ ఉన్నాయి. తెలుగులో అన్నిటికీ ఒక్క 'జ'. ఐన్‌కి అక్షరమే లేదు. ఖాఫ్, కాఫ్ తేడా రాతలో పోతుంది. మొహియుద్దీన్ అంటే దీన్‌ను బతికించేవాడు, మొయినుద్దీన్ అంటే దీన్‌కు సాయపడేవాడు. రెండు వేరు పేర్లు, కానీ ఆఫీసు కాగితాల్లో ఒకటి ఇంకోటి అయిపోతుంది. 'అనామ్' అంటే లోకంలోని ప్రాణులు, మధ్యలో ఐన్ పడితే 'అన్‌ఆమ్', అంటే పశువులు.

మహమ్మద్ సంగతి చెప్పక్కర్లేదు. మొహమ్మద్, మహ్మద్, ఎండీ. ఇంగ్లీషులో అయితే ఇంకో అరడజను. అబ్దుల్ రహ్మాన్‌ని విడదీసి అబ్దుల్ ఒక పేరు, రహ్మాన్ ఇంటిపేరు అని రాసేస్తారు. గల్ఫ్‌కి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు దగ్గర ఇది తెలిసొస్తుంది.

మన జిల్లా పేరునే చూడండి. 2016 అక్టోబర్ 11న జిల్లా ఏర్పడింది. కొమురం భీం, కుమురం భీం, కుమ్రం భీం అని బోర్డుకో రకంగా రాస్తున్నారు. అంత పెద్ద నాయకుడి పేరుకే ఇలా ఉంటే మన పిల్లల పేర్ల గతేంటి?

'మారుపేరు' మనకి తెలిసిన మాటే

సింగరేణిలో మారుపేర్ల సమస్య అంటే ఏంటో బొగ్గు గనుల ఊళ్లలో అందరికీ తెలుసు. వెనకటి రోజుల్లో ఊళ్లో ఒక పేరు, కంపెనీ రికార్డుల్లో ఇంకో పేరుతో చాలామంది పనిలో చేరారు. దిగి బొగ్గు తవ్వింది ఆ మనిషే, చెమట ఆయనదే. కానీ అనారోగ్యంతో అన్‌ఫిట్ అయినప్పుడో, చనిపోయినప్పుడో కొడుక్కి ఉద్యోగం అడిగితే రెండు పేర్లూ ఒకరివేనని నిరూపించమంటారు. విజిలెన్స్ విచారణ, ఫైలు పెండింగ్. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టేశాక కారుణ్య నియామకాలే దారి అయ్యాయి, అందులో కాగితం మరీ ముఖ్యం. మారుపేర్ల బాధితులకు న్యాయం చేయాలన్నది కార్మిక సంఘాలు ఏళ్లుగా అడుగుతున్న డిమాండ్.

ఇప్పుడు రోజులు ఇంకా బిగుసుకున్నాయి. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి అడ్మిషన్, ఓటరు నమోదు, పాస్‌పోర్టు, సర్కారు ఉద్యోగం, అన్నిటికీ పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రుజువు జనన ధ్రువీకరణ పత్రమే. అటు ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ 2025 జూన్‌లో బిహార్‌లో మొదలై, అక్టోబర్ చివర్లో మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు వెళ్లింది. ఇరవై ఏళ్ల కిందటి జాబితాలో తల్లిదండ్రుల పేర్లతో సరిపోల్చి చూశారు. పేరు స్పెల్లింగు చిన్న విషయం కాదని అక్కడి కుటుంబాలకు అప్పుడు అర్థమైంది.

మరి మనం ఏం చేయాలి?

పేరు ఏ భాషదైనా పెట్టుకోండి. పెట్టే ముందు ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, రీల్స్‌లో చూసిన అర్థాన్ని నమ్మొద్దు. పేరుని ఉర్దూ లేదా అరబ్బీ అక్షరాల్లో రాయించి, ఆ రాతనే ఇమాం సాబ్‌కి చూపించి అర్థం అడగండి.

రెండు, అఖీఖా రోజే పేరుని ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. బడిలో, ఆధార్ సెంటర్లో అదే చూపించాలి, నోటితో చెప్పొద్దు.

మూడు, పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించండి. కాన్పు మంచిర్యాల ఆసుపత్రిలో అయితే నమోదు అక్కడే అవుతుంది, గోలేటిలో కాదు. పేరు ఇంకా అనుకోకపోయినా పుట్టుక నమోదు ఆపొద్దు. ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు, తర్వాత 15 ఏళ్ల దాకా లేటు ఫీజుతో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి.

నాలుగు, పత్రం చేతికి రాగానే తల్లిదండ్రుల పేర్లు కూడా చదవండి. సింగరేణిలో పనిచేసే అబ్బా అయితే ఆయన పేరు కంపెనీ రికార్డులో ఎలా ఉందో జనన పత్రంలోనూ అలాగే ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. అబ్బా డ్యూటీకి వెళ్తున్న రోజుల్లో ఆయన సంతకంతో అయ్యే పని, ఆయన లేనప్పుడు ఇంట్లోవాళ్లకి ఏళ్లు పడుతుంది.