ఆధారం ఏదని అడిగేవాళ్లకు జెఫర్సన్ కాగితాలు

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన ప్రసంగం మనలో చాలామందికి కంఠతా వచ్చు. వ్యక్తిపూజ గురించి చేసిన హెచ్చరికను పోస్టర్ల మీద కూడా రాసుకున్నాం. అదే ప్రసంగంలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మాట ఒకటుంది. ప్రతి తరం ఒక వేరే దేశం లాంటిది, తర్వాతి తరాన్ని కట్టిపడేసే హక్కు దానికి లేదు అన్నది దాని సారాంశం. రాజ్యాంగాన్ని సవరించుకునే వీలు ఎందుకుండాలో చెప్పడానికి అంబేడ్కర్ దాన్ని వాడుకున్నారు. ఆ మాట 1813లో జెఫర్సన్ తన అల్లుడికి రాసిన ఉత్తరంలోది. అది అప్పుల గురించిన ఉత్తరం. ఒక తరం చేసిన అప్పును ఇంకో తరం నెత్తిన రుద్దకూడదన్నది అందులో ఆయన వాదన.

అప్పు అన్నమాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అమెరికా అధ్యక్షుడి ఉత్తరాలతో ఏం పని అని అడుగుతారేమో. సెమినార్లలో మన వాడల చరిత్ర మాట్లాడిన ప్రతిసారీ వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేస్తాడు. "బాగానే ఉంది బాబూ, లిఖిత ఆధారం ఏది?" అంటాడు. మన అవ్వ చెప్పింది ఆయనకు ఆధారం కాదు. కరణం రాసిందే ఆధారం. రాసిపెట్టుకోవడంలో కరణాలందరినీ మించిన మనిషి జెఫర్సన్. జీవితంలో దాదాపు 19,000 ఉత్తరాలు రాశాడు. తాను రాస్తుంటే పక్కన ఇంకో కలం అదే నకలు రాసే యంత్రాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. వాటిని అచ్చువేసే పని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలై, 1950లో మొదటి సంపుటం వచ్చింది. ఇంకా సాగుతూనే ఉంది.

ఉత్తరాలతో పాటు ఆయనకు ఫార్మ్ బుక్ అని ఇంకో పుస్తకం ఉంది. సేద్యం లెక్కల పుస్తకం. ఆయన జీవితం మొత్తం మీద 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. వాళ్ల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఎవరికి ఎంత గుడ్డ, ఎవరికి దుప్పటి, ఎవరికి ఎన్ని చేపలు, అన్నీ అందులో ఉన్నాయి. శాలీ హెమింగ్స్, ఆమె పిల్లలు కూడా ఆ జాబితాల్లోనే ఉన్నారు. ఆమె కొడుకు బెవర్లీ, కూతురు హారియెట్ పేర్ల పక్కన, 22లో పారిపోయారని జెఫర్సన్ తన చేత్తోనే రాసుకున్నాడు.

లిఖిత ఆధారమే కదా? కానీ ఆయన దగ్గర అజమాయిషీ చేసిన ఎడ్మండ్ బేకన్ తర్వాత ఏం చెప్పాడంటే, దొర చెప్తేనే తాను ఆ పిల్లకు ఫిలడెల్ఫియా దాకా బండి ఖర్చు కట్టి, చేతిలో 50 డాలర్లు పెట్టాడట. (ఆ పిల్ల జెఫర్సన్ కూతురు కాదని కూడా అన్నాడు. అననివ్వండి. నేను అడుగుతున్నది బండి ఖర్చు గురించి.) దొర స్వయంగా సాగనంపిన పిల్ల దొర పుస్తకంలో పారిపోయింది.

శాలీ మరో కొడుకు మాడిసన్ 1873లో ఒహాయోలో ఒక పత్రికకు తన కథ చెప్పాడు. జెఫర్సన్ మా నాన్న, పారిస్ నుంచి తిరిగి రావడానికి మా అమ్మ షరతు పెట్టింది, పిల్లలకు 21 ఏళ్లు నిండగానే విడుదల అని మాట తీసుకుంది అన్నాడు. పేరుమోసిన చరిత్రకారులు దాన్ని తోసేశారు. తప్పు మేనల్లుళ్లదని జెఫర్సన్ మనవళ్లు అంటే మాత్రం నమ్మారు. అదీ నోటిమాటే! వైట్‌వాళ్ల నోరు కాబట్టి చరిత్ర అయింది. ఈ రెండు తూకాల సంగతిని ఆనెట్ గోర్డన్‌రీడ్ అనే నల్లజాతి న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1997లో పుస్తకంగా రాసి బయటపెట్టింది. మరుసటి ఏడాది డీఎన్‌ఏ పరీక్షలో మాడిసన్ తమ్ముడు ఈస్టన్ వంశం జెఫర్సన్ల మగ వరసతో కలిసింది, మేనల్లుళ్ల వరసతో కలవలేదు. మాడిసన్ మాటకు విలువ రావడానికి 125 ఏళ్లు, ఒక రక్తపరీక్ష కావాల్సి వచ్చాయి.

బెంజమిన్ బానెకర్ సంగతి నాకు ఇంకా దగ్గరగా తగిలింది. మేరీలాండ్‌లో స్వేచ్ఛగా బతికిన నల్లజాతి రైతు. సొంతంగా ఖగోళం నేర్చుకుని ఆల్మనాక్, అంటే మన భాషలో పంచాంగం, గుణించాడు. 1791లో దాని రాతప్రతిని విదేశాంగ మంత్రిగా ఉన్న జెఫర్సన్‌కు పంపుతూ, మనుషులంతా సమానమని రాసిన నువ్వు మమ్మల్ని ఎలా బంధించావని నిలదీశాడు. జెఫర్సన్ మర్యాదగా జవాబిచ్చాడు, పంచాంగాన్ని పారిస్ పండితులకు పంపానన్నాడు. 1809లో, బానెకర్ చనిపోయిన మూడేళ్లకు, ఇంకో మిత్రుడికి రాసిన ఉత్తరంలో అసలు మాట చెప్పాడు. పక్కింటి తెల్లాయన సాయం ఉండి ఉంటుందట, ఆ బుర్ర చాలా మామూలుదట. నా పీహెచ్‌డీ వైవా అయ్యాక కారిడార్‌లో ఒకాయన నవ్వుతూ "ఎవరు రాసిపెట్టారయ్యా?" అన్నాడు. ఈ ఉత్తరం చదువుతుంటే ఆ నవ్వే వినిపించింది.

ఇక అప్పు. 1826 జులై 4న జెఫర్సన్ చనిపోయేనాటికి లక్ష డాలర్లకు పైగా అప్పు మిగిలింది. వీలునామాలో విడుదల చేసింది ఐదుగురిని. వాళ్లలో కమ్మరి జో ఫాసెట్ ఒకడు. 1827 జనవరిలో మాంటిచెలోలో 130 మందిని వేలానికి పెట్టారు. అందులో జో భార్య ఈడిత్, వాళ్ల పిల్లలు ఉన్నారు. కొడుకు పీటర్‌కు 11 ఏళ్లు. ఏ తరం చేసిన అప్పును ఏ తరం తీర్చింది?

జెఫర్సన్‌ను తీసి పారేద్దాం అనే తమ్ముళ్లతో నేను ఏకీభవించను. అంబేడ్కర్ ఆ వాక్యాన్ని తీసుకున్నది మనకు పనికొస్తుందనే. ఆ ఉత్తరాలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవండి. అయితే 1813 నాటి ఉత్తరం ఒక చేతిలో ఉంటే, ఫార్మ్ బుక్ రెండో చేతిలో ఉండాలి. ఆ కాగితాల కుప్పలో 1818 నవంబర్‌లో హన్నా అనే బానిస స్త్రీ జెఫర్సన్‌కు రాసిన ఉత్తరం కూడా ఒకటి బతికి బయటపడింది. వచ్చే భాగం దాని గురించే.