గూడెం కోడికీ ఒక పరీక్ష

ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలి మొదలు భద్రాచలం అడవి అంచు గూడేల దాకా పెరటి కోళ్లకు తెగులు తగిలితే దొడ్లు ఖాళీ అవుతాయి. కొక్కెర అంటారు కొందరు, కలరా అంటారు ఇంకొందరు. పక్కింటి కోళ్లే అంటించాయనో, సంతలో కొన్న పుంజు తెచ్చిందనో నింద పడుతుంది. ఆ నింద నిజమో కాదో తేల్చగల విద్య హైదరాబాద్‌లో ఉంది.

కొక్కెర వైరస్ తెచ్చేది. కలరా, టైఫాయిడ్, కోడిపిల్లల తెల్లపారుడు బ్యాక్టీరియా పని. టైఫాయిడ్, తెల్లపారుడు తెచ్చే సాల్మొనెల్లాలు రెండూ రక్తపరీక్షకు ఒకేలా చిక్కుతాయి. ఒకే రోగం తెచ్చేవాటిలోనూ వంశాలు వేరువేరు. సూక్ష్మదర్శిని కింద చూస్తే అన్నీ చిన్న కడ్డీలే. అందుకే డీఎన్‌ఏ దాకా వెళ్లాలి. ఒక ఎంజైము అందులో తనకు తెలిసిన అక్షరాల వరస కనబడిన చోటల్లా కత్తిరిస్తుంది. ఆ ముక్కలను జెల్‌లో వేసి కరెంటు పారిస్తే చిన్నవి దూరం పోతాయి, పెద్దవి వెనకబడతాయి. చివరికి మిగిలే గీతల వరసే ఆ వంశం వేలిముద్ర. రెండు దొడ్ల గీతలు కలవకపోతే పక్కింటి కోడి నిర్దోషి. కలిసినా వెంటనే తీర్పు చెప్పకూడదు. రెండిళ్లవాళ్లూ ఒకే సంతలో కొని ఉండొచ్చు.

టీకా వేశాక కూడా కోళ్లు చస్తే అనుమానం టీకా మీదికి పోతుంది. కోళ్ల టైఫాయిడ్‌కు వేసే 9ఆర్ టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న బ్యాక్టీరియా. చచ్చిన కోడిలో దొరికింది అదా, బయటి నుంచి వచ్చిందా? డీఎన్‌ఏ చూస్తేనే తెలుస్తుంది.

1984లో ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ మనుషుల కోసం కనిపెట్టిన ఈ డీఎన్‌ఏ వేలిముద్రల దారిని, కట్లపాము జాతి డీఎన్‌ఏ ఆధారంగా హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ మన దేశానికి సొంతం చేశారు. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. విద్యకు కొరత లేదు. నమూనా చేరడమే కష్టం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, తెలంగాణ సరిహద్దులో చెక్‌పోస్టులు లేచాయి. గూడెంలో ఆరు కోళ్లు చస్తే ఆ కదలిక రాదు. వాటిని వాగు ఒడ్డున పారేస్తారు. కానీ ఆ ఆరు కోళ్లే ఒక ఇల్లాలి చేతి డబ్బు, పిల్లల గుడ్డు. మండల పశువైద్యశాలలో ఐసుపెట్టె ఒకటి ఉంచి, కోడి కాలేయం ముక్కను అదే రోజు హైదరాబాద్ బస్సెక్కించి, ఫలితాన్ని ఆ ఇల్లాలికే అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు పశుసంవర్ధక శాఖకు పెద్ద భారం కాదు. వచ్చే వేసవిలోపే మొదలుపెట్టాలి.